చిన్న అక్వేరియం: నీళ్లు ఎలా మార్చాలి, ఎన్ని చేపలు వేయాలి

ఇంట్లో రెండడుగుల అక్వేరియం పెట్టుకున్న ప్రతివాళ్లూ మొదటి నెలలోనే అడిగేవి రెండు ప్రశ్నలు. నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఇందులో ఎన్ని చేపలు పడతాయి? మొదటిదానికి జవాబు రెండోదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆరు గప్పీలున్న తొట్టికీ, నాలుగు గోల్డ్ ఫిష్‌లను కుక్కిన తొట్టికీ ఒకే లెక్క కుదరదు. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

ముందు నా మొదటి తొట్టి సంగతి. ఇంటికి చుట్టాలొస్తున్నారని ముందురోజు రాత్రి కూర్చుని చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు సబ్బుపొడితో తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కడిగాను. పొద్దున్నకి తొట్టి అద్దంలా మెరిసింది. సాయంత్రం చుట్టాలు దిగేసరికి పదకొండు చేపల్లో మూడే మిగిలాయి. "నీళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయి, ఎలా చచ్చిపోయాయిరా?" అని మా అమ్మ అడిగితే అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కింద రాసేదంతా ఆ జవాబే.

తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి?

షాపువాళ్లు అడుగుల్లో చెబుతారు, మనకి లీటర్లు కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి 1000తో భాగించండి. మామూలు రెండడుగుల తొట్టి 60 × 30 × 30 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే 54 లీటర్లు. పైన రెండంగుళాలు ఖాళీ, అడుగున గులకరాళ్లు పోతే నిజంగా పట్టేది 42 నుంచి 45 లీటర్లు. మందు వేసినా, నీళ్లు మార్చినా ఈ చివరి అంకెనే పట్టుకోండి.

బరువు కూడా చూసుకోండి. నీళ్లు, రాళ్లు, గాజు కలిపితే ఈ తొట్టి 65, 70 కిలోల దాకా తూగుతుంది. టీవీ స్టాండు మీదో, గోడకు కొట్టిన చెక్క అర మీదో పెట్టొద్దు.

కావలసినవి

- అక్వేరియానికే కేటాయించిన రెండు ప్లాస్టిక్ బకెట్లు. ఒకసారైనా సబ్బు, ఫినాయిల్ తగిలిన బకెట్ వద్దు. మూతమీద "చేపలు" అని మార్కర్‌తో రాసి పెట్టండి, లేకపోతే పనిమనిషి ఇల్లు తుడవడానికి వాడేస్తుంది.
- రెండు మీటర్ల సన్నటి పారదర్శక పైపు. రాళ్ల మధ్య చెత్త లాగే వెడల్పు మూతి ఉన్న సైఫన్ దొరికితే ఇంకా మంచిది.
- యాంటీ క్లోరిన్ ద్రావణం. ఏ అక్వేరియం షాపులోనైనా చిన్న సీసాలో ఇస్తారు.
- ఫిల్టర్. స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపు చాలు. నీళ్లలో బుడగలు ఊదే డైవర్ బొమ్మ ఫిల్టర్ కాదు.
- థర్మామీటర్.
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూసే టెస్ట్ కిట్. ఈ మూడూ చేపల రెట్ట, మిగిలిన మేత నుంచి పుట్టేవి, వివరం కింద ఉంది. చుక్కలు వేసి రంగు చూసేది కాగితపు స్ట్రిప్ కంటే నమ్మకంగా ఉంటుంది. మూడూ కొనలేకపోతే కనీసం అమ్మోనియాది కొనండి. లైటింగు, బొమ్మలు, వెనక అంటించే నీలం పోస్టరు తరవాత చూసుకోవచ్చు.

ఇంట్లో వాటర్ ఫిల్టర్‌ కోసం కొన్న టీడీఎస్ మీటరుతో అక్వేరియం చెక్ చేస్తున్నామని చాలామంది చెబుతారు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెబుతుంది. అందులో అమ్మోనియా ఎంతో చెప్పదు. 300 చూపించినా చేపలు బాగుండొచ్చు, 150 చూపించినా చస్తూ ఉండొచ్చు.

మీ కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లు?

మున్సిపాలిటీ నీళ్లు: క్లోరిన్ ఉంటుంది. అది మనకు మంచిదే కానీ చేపల మొప్పల్ని కాలుస్తుంది, ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియాను (దాని సంగతి కింద వస్తుంది) చంపుతుంది. యాంటీ క్లోరిన్ వేస్తే కొద్ది నిమిషాల్లో పోతుంది. అది లేకపోతే వెడల్పాటి బకెట్లో పట్టి 24 గంటలు ఉంచండి, ఎయిర్ పంపు పైపు చివర బుడగలు వదిలే రాయి వేస్తే ఇంకా త్వరగా పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్‌కి బదులు క్లోరమైన్ కలుపుతారు, అది బకెట్లో నిలవ ఉంచితే పోదు. సీసా మీద క్లోరమైన్‌కి కూడా పనిచేస్తుందని రాసి ఉన్న యాంటీ క్లోరిన్ ద్రావణమే (అక్కడ కండిషనర్ అంటారు) కొనాలి.

బోరు నీళ్లు: క్లోరిన్ ఉండదు, కానీ మన దగ్గర ఎక్కువచోట్ల కఠిన జలం, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్లు. గప్పీలు, మోలీలు, ప్లాటీలకు ఆ నీళ్లే ఇష్టం. పడనివి నియాన్ టెట్రా లాంటివి. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు, కాబట్టి ఒక రాత్రి బకెట్లో ఉంచి పోయండి. చాలాచోట్ల ఈ నీళ్లలో నైట్రేట్ ముందే ఉంటుంది. అందుకే తొట్టి నీళ్లకంటే ముందు కుళాయి నీళ్లనే టెస్ట్ చేసి ఆ అంకె రాసి పెట్టుకోండి.

ట్యాంకర్, అపార్ట్‌మెంట్ సంపు: ఇక్కడే జనం దెబ్బ తినేది. సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు నీళ్లలో క్లోరిన్ ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకోండి. ఆ రోజూ మర్నాడూ నీళ్లు మార్చే పని వాయిదా వేయండి. కుళాయి విప్పగానే బ్లీచింగ్ వాసన వస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

ఆర్వో నీళ్లు: "మనం తాగేవే పోస్తున్నాం" అని గర్వంగా చెబుతారు. ఆర్వోలో ఖనిజాలు దాదాపు పోతాయి, దాంతో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) నిలకడగా ఉండదు. నీళ్లు మరీ కఠినంగా ఉంటే సగం ఆర్వో, సగం మామూలువి కలపండి, ప్రతిసారీ అదే పాళ్లలో. ఆర్వో మెషీన్ వదిలే వేస్టు నీళ్లు వద్దు, అందులో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి.

అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటే దానికి ముందు వచ్చే నీళ్లు దొరుకుతాయేమో చూడండి. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది. మన గిన్నెలకది మంచిదే కానీ చేపలకు లాభమేమీ లేదు.

కొత్త తొట్టి: మొదటి నెల ఓపిక పట్టండి

సిద్ధాంతం ఇంతే. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అది కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ని చేపలు కొంతవరకు తట్టుకుంటాయి. అది పేరుకుపోకుండా ఉండడానికే మనం వారం వారం నీళ్లు మారుస్తాం.

కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

1. తొట్టి నింపి, క్లోరిన్ తీసి, ఫిల్టర్ వేయండి. ఇక దాన్ని రాత్రీ పగలూ ఆపొద్దు.
2. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లాలి, అదే మనకు కావలసింది.
3. వారం తరవాత నుంచి రెండు రోజులకోసారి టెస్ట్ చేయండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తరవాత నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రెండూ దిగుతాయి.
4. మేత వేస్తూ ఉన్నా రెండూ వరసగా మూడు నాలుగు రోజులు సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం. సగం నీళ్లు మార్చి మొదటి చేపలు తెచ్చుకోండి.

దగ్గరి దారి ఒకటుంది. చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. పాలు పెరుగవ్వాలంటే తోడు కావాలి కదా, ఇదీ అంతే. తడి ఆరకుండా ఆ తొట్టి నీళ్లలోనే ముంచి తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. నెల పట్టే పని పది పదిహేను రోజుల్లో అయిపోవచ్చు.

"చేపలు ఇప్పటికే కొనేశాం" అంటారా? ఎక్కువమంది పరిస్థితి ఇదే. మూడు నాలుగు చిన్న చేపలు మించకుండా చూసుకోండి, మిగతావి షాపులో తిరిగి ఇచ్చేయండి. రోజుకొకసారి, అదీ కొద్దిగానే మేత వేయండి. రోజూ టెస్ట్ చేసి అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) కనిపిస్తే పావు వంతు, 0.5 దాటితే సగం నీళ్లు మార్చండి. నాలుగైదు వారాలు ఇదే పని. విసుగ్గానే ఉంటుంది.

ఇందులో మన ప్రాంతానికి సంబంధించిన చిక్కు ఒకటుంది. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీళ్లలో కంటే పీహెచ్ 8 ఉన్న నీళ్లలో విషరూపంలో ఉండే అమ్మోనియా దాదాపు 9 రెట్లు. మన బోరు నీళ్లకు పీహెచ్ ఎక్కువ, మన ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. చల్లటి దేశాలవాళ్లు వీడియోల్లో "0.5 ఉన్నా ఫరవాలేదు" అంటే మీరు ధైర్యం చేయకండి.

వారానికోసారి నీళ్లు మార్చే పద్ధతి

చేపలు మితంగా ఉన్న తొట్టికి వారానికి 25 శాతం. 45 లీటర్ల తొట్టిలో అది 11 లీటర్లు. తాగునీళ్ల 20 లీటర్ల క్యాను ఇంట్లో ఉంటే అందులో సగం కంటే ఒక లీటరు ఎక్కువ.

1. ముందురోజు రాత్రి నీళ్లు పట్టి గుడ్డ కప్పి పెట్టండి. గుడ్డ మర్చిపోవద్దు, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే.
2. పనికి పావుగంట ముందు హీటరు (ఉంటే), తరవాత ఫిల్టర్ స్విచ్ ఆపండి. వేడిగా ఉన్న హీటరు గాజు నీళ్లలోంచి బయటపడితే పగులుతుంది. స్విచ్చులు ఆపకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.
3. లోపలి గాజుకు పట్టిన పాచిని మెత్తటి కొత్త స్పాంజితో గీకండి. గిన్నెలు తోమే పీచు వద్దు, దానికి సబ్బు ఉంటుంది, గాజు మీద గీతలు కూడా పడతాయి.
4. పైపుతో నీళ్లు లాగండి. నోటితో పీల్చక్కర్లేదు. పైపు మొత్తం నీళ్లలో ముంచి నింపి, ఒక చివర బొటనవేలితో మూసి కిందున్న బకెట్లోకి తెచ్చి వదలండి. చిన్న చేపలుంటే పైపు మూతికి దోమతెర ముక్క కట్టండి.
5. పైపు మూతిని రాళ్లలోకి గుచ్చి చెత్త లాగండి. ఈ వారం ఎడమ సగం, వచ్చే వారం కుడి సగం. అడుగంతా ఒకేసారి కెలకొద్దు.
6. పావు వంతు దిగగానే ఆపండి. మొదటిసారి ఆ మట్టం దగ్గర బయట గాజు మీద చిన్న టేపు ముక్క అంటిస్తే ప్రతిసారీ కొలవక్కర్లేదు.
7. నెలకోసారి, ఫిల్టర్ నెమ్మదించిందనిపిస్తే, స్పాంజిని ఇప్పుడే తీసిన బకెట్ నీళ్లలో రెండు మూడుసార్లు పిండండి. గోధుమరంగు పూర్తిగా పోనక్కర్లేదు. కుళాయి కింద కడిగితే తోడు గిన్నెను తోమేసినట్టే. స్పాంజి కడిగిన వారం రాళ్లు కెలకొద్దు, రెండూ ఒకే రోజు వద్దు.
8. కొత్త నీళ్లకు యాంటీ క్లోరిన్ వేశారా అని మరోసారి చూసుకోండి. మోతాదు సీసా మీద ఉంటుంది. థర్మామీటరు రెండు నీళ్లలోనూ పెట్టి చూడండి. తేడా 2 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి కాల్చేలా ఉంటాయి, తెల్లవారుజామున పట్టుకోండి.
9. మగ్గుతో నెమ్మదిగా, తొట్టిలో ఒక సాసరు పెట్టి దాని మీద పోయండి. ధారగా పోస్తే రాళ్లు గుంట పడి చెత్త పైకి లేస్తుంది.
10. ఫిల్టర్, హీటరు ఆన్ చేయండి. ఫిల్టర్లోంచి నీళ్లు నిజంగా వస్తున్నాయో లేదో రెండు నిమిషాలు నిలబడి చూడండి. స్విచ్ వేయడం మర్చిపోయి మర్నాడు ఏడ్చినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, మనీప్లాంటుకు పోయండి. బాగా ఏపుగా వస్తాయి. ఉప్పో మందో కలిపిన నీళ్లైతే మాత్రం మురుగులోకే.

నెలలకొద్దీ నీళ్లు మార్చని తొట్టి మీ దగ్గరుంటే ఇది చదివి ఉత్సాహంగా ఒక్కసారే సగం మార్చకండి. ఆ చేపలు ఆ పాడు నీళ్లకే మెల్లగా అలవాటు పడి ఉంటాయి, హఠాత్తుగా మారితే తట్టుకోలేవు. రెండు రోజులకోసారి 10 శాతం చొప్పున రెండు వారాలు మార్చి, తరవాత మామూలు పద్ధతిలోకి రండి.

ఎన్ని చేపలు, ఏ చేపలు

"అంగుళం చేపకి ఇన్ని లీటర్లు" అనే సూత్రాన్ని నమ్మకండి. అంగుళం పొడవున్న గోల్డ్ ఫిష్ పిల్ల ఆర్నెల్లలో ఎంతవుతుందో ఆ సూత్రానికి తెలియదు. షాపులో కనిపించేవన్నీ పిల్లలే. "ఇది పెద్దయ్యాక ఎంతవుతుంది?" అన్న ప్రశ్న ఒక్కటీ అడిగితే సగం తప్పులు తప్పుతాయి.

నిజంగా 45 లీటర్లు పట్టే తొట్టికి ఈ కింద చెప్పినవాటిలో ఏదో ఒక్కటి ఎంచుకోండి. ఒక్కోదాంట్లోంచి రెండేసి తెచ్చి కలపకండి.

- మగ గప్పీలు 6 నుంచి 8. బోరు నీళ్లకు, కొత్తవాళ్లకు నా మొదటి సలహా ఇదే. రంగులు మగవాటికే ఉంటాయి.
- ప్లాటీలు 5.
- జీబ్రా డానియోలు 8. మన దేశపు చేపలే, గట్టివి. ఎగిరి దూకుతాయి, పైన మూత ఉండాలి.
- నియాన్ టెట్రాలు 8 నుంచి 10. నీళ్లు కఠినంగా లేకపోతేనే, అదీ తొట్టి కనీసం మూడు నెలల పాతదయ్యాకే.
- ఫైటర్ ఒకటి. ఒక్కటే. రెండు మగ ఫైటర్లు కలిస్తే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. గప్పీల తోకల్ని చూసినా ఊరుకోదు.

డానియోలు, టెట్రాలు గుంపు చేపలు. రెండు మూడు తెస్తే బెదిరి మూలన నక్కుతాయి, లేదా ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

ఆడ, మగ గప్పీలు కలిపి వేసుకుంటామంటే మీ ఇష్టం. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి ఆడదాన్ని వేధించి చంపుతాయి. ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతుంది, కాన్పుకి 20, 30, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒకసారి జత కట్టాక మగది లేకపోయినా నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. మొదటి కాన్పుకి ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. నాలుగో కాన్పుకి అపార్ట్‌మెంట్లో పిల్లలున్న ప్రతి ఇంటి తలుపూ కొడతారు.

అడుగు తొట్టి అంటే 12 లీటర్లే. అందులో చేపలు వద్దంటాను. చెర్రీ రొయ్యలు నాలుగు, కాస్త నాచు వేస్తే అందంగా ఉంటుంది. ఫైటర్‌కి కూడా 20 లీటర్లయినా ఇవ్వాలి. గుండ్రటి గాజు గిన్నెలో ఫైటర్ బతికే ఉంటుంది, నిజమే. బతుకుతుందని చెప్పి ఎవర్నయినా బాత్రూంలో పెట్టి తాళం వేస్తామా?

ఇక షాపులో ఎంత ముద్దొచ్చినా కొనకూడనివి:

గోల్డ్ ఫిష్. అరడుగు దాటి పెరుగుతుంది, తిన్నదంతా రెట్టే. రెండడుగుల తొట్టి ఒక్కదానికి కూడా చాలదు.

సక్కర్ ఫిష్. "పాచి తినేస్తుంది, కడిగే పని ఉండదు" అని అంటగడతారు. అడుగు దాటి పెరుగుతుంది, పాచి తిన్నదానికంటే ఎక్కువ రెట్ట వేస్తుంది. పెద్దదయ్యాక జనం చెరువులో వదిలేశారు. ఇప్పుడు మన కాలువల్లో, చెరువుల్లో జాలర్ల వలలు చింపుతూ వాళ్లచేత దెయ్యం చేప అనిపించుకుంటున్నది ఈ జాతే. దేన్నైనా వదిలించుకోవాలంటే షాపుకి తిరిగివ్వండి, నీటిలో వదలకండి.

షార్క్. చిన్న వెండి సొరచేపలా తిరుగుతుంటే పిల్లలు దాన్నే కావాలంటారు. అది సొర కాదు, మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి లారీలకెక్కించే పంగాస్ చేప పిల్ల. మీటరు పెరుగుతుంది. పిరాన్హా అని అమ్మేది కూడా చాలాసార్లు పిరాన్హా కాదు, చేపల మార్కెట్లో దొరికే రూప్‌చంద్. కూర వండుకునే చేపని రెండడుగుల గాజుపెట్టెలో పెంచలేం.

ఆస్కార్, ఏంజెల్, అరోవానా కూడా ఈ తొట్టికి కావు.

కొత్త చేపల్ని వదలడం

1. ఒకేసారి మూడు నాలుగు మించి తేవద్దు. మళ్లీ తెచ్చేలోపు రెండు వారాలు ఆగి అమ్మోనియా సున్నా ఉందో లేదో చూడండి. ఉన్నట్టుండి చేపలు పెరిగితే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా చాలదు.
2. షాపులో ఆ తొట్టిలో చచ్చిన చేప ఒక్కటి కనిపించినా, ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలున్నా వెనక్కి తిరగండి.
3. ఇంటికొచ్చాక లైటు ఆపి, కవరు విప్పకుండా పావుగంట తొట్టిలో తేలనివ్వండి.
4. కవరు విప్పి పది నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు తొట్టి నీళ్లు పోయండి, ముప్పావుగంట సేపు.
5. వలతో చేపను మాత్రం తీసి వదలండి. కవర్లోని నీళ్లు తొట్టిలో పోయొద్దు, షాపులోని రోగాలన్నీ వాటితో వస్తాయి.
6. ఆ పూట మేత వేయకండి.

రెండో చిన్న తొట్టి, ఇంకో స్పాంజి ఫిల్టర్ ఉంటే కొత్తవాటిని రెండు మూడు వారాలు విడిగా ఉంచడం ఉత్తమం. మూతపెట్టిన ప్లాస్టిక్ టబ్బు అయినా చాలు.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

నీళ్లు తేటగా ఉండడం ఏమీ చెప్పదు. నా మొదటి తొట్టి చచ్చిన రోజున ఎంత తేటగా ఉందో పైన చెప్పాను. చూడాల్సినవి ఇవి.

నీళ్లు మార్చే రోజు, *మార్చకముందు* టెస్ట్ చేయండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉంటే మీ లెక్క బాగుంది. 40 దాటుతుంటే కుళాయి నీళ్ల అంకె తీసేసి చూడండి. అయినా ఎక్కువుంటే చేపలైనా ఎక్కువయ్యాయి, మేతైనా ఎక్కువైంది. అప్పుడు 25 శాతం బదులు 40 శాతం మార్చండి, లేదా చేపలు తగ్గించండి. "ఎన్నాళ్లకోసారి" అనే ప్రశ్నకు మీ తొట్టి ఇచ్చే అసలు జవాబు ఈ అంకె. నాలుగు వారాలు వరసగా క్యాలెండరు మీద రాస్తే మీకే తెలిసిపోతుంది.

ముక్కు కూడా పనికొస్తుంది. మంచి తొట్టి తొలకరి మట్టిలా కాస్త తడివాసన వేస్తుంది. మురుగు వాసన వస్తే రాళ్ల కింద ఏదో కుళ్లుతోంది, బహుశా లెక్కకి రాని చేప ఒకటి.

మేత వేసేటప్పుడు తలలు లెక్కపెట్టండి. పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నా, రెక్కలు ముడుచుకుని అడుగున పడున్నా, మొప్పలు ఎర్రబడినా ముందు నీళ్లు టెస్ట్ చేయండి, మందు తరవాత. షాపువాళ్లు అన్ని జబ్బులకీ ఇచ్చే నీలం మందు తొట్టిలో పోస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా దెబ్బతినొచ్చు. జబ్బు నీళ్లదైతే మందుతో అది ఇంకా ముదురుతుంది.

కొత్త తొట్టిలో మొదటి రెండు వారాల్లో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడితే కంగారుపడి అన్నీ పారబోయొద్దు. అది నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా, దానంతటదే తగ్గుతుంది. మేత తగ్గించి ఊరుకోండి. పచ్చబడితే ఎండ తగులుతున్నట్టు. తొట్టిని కిటికీ నుంచి జరపండి, లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు.

మళ్లీ మళ్లీ చేసే తప్పులు

అతి మేత. నూటికి తొంభై తొట్లలో అసలు రోగం ఇదేనని నా అనుభవం. రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంతే వేయాలి, రోజుకి ఒకసారో రెండుసార్లో. చేప మిమ్మల్ని చూడగానే గాజు దగ్గరికొస్తుంది, అది ఆకలికి కాదు, అలవాటుకి. వారానికో రోజు ఉపవాసం ఉంచినా దానికేమీ కాదు.

ఆవిరైన నీళ్లు నింపి, "నీళ్లు మార్చాం" అనుకోవడం. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలూ నైట్రేటూ తొట్టిలోనే ఉంటాయి. తీయకుండా పోస్తూ పోతే నీళ్లు చిక్కబడతాయి. గాజు అంచున తెల్లటి చారలు కనిపిస్తున్నాయంటే ఇదే జరుగుతోంది.

రాత్రి చప్పుడవుతోందని ఎయిర్ పంపు ఆపడం. స్పాంజిలోని బ్యాక్టీరియాకు కూడా ఊపిరి కావాలి. పంపు కింద మందపాటి గుడ్డ మడిచి పెడితే చప్పుడు తగ్గుతుంది.

ఎండాకాలం, కరెంటు కోత, ఊరి ప్రయాణం

నీళ్లు 32 డిగ్రీలు దాటితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి దోమతెర కప్పి, నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. డిసెంబరు రాత్రులకు ఫైటర్, టెట్రాలున్న ఇంట్లో హీటరు కావాలి, లీటరుకి ఒక వాట్ లెక్కన 50 వాట్లది చాలు.

కరెంటు పోతే మేత ఆపండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఉంటే మంచిది. లేకపోతే పావుగంటకోసారి మగ్గుతో తొట్టి నీళ్లే తీసి కాస్త ఎత్తు నుంచి పోస్తూ ఉండండి.

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్తే ఎదిగిన చేపలకు మేత అక్కర్లేదు. ముందురోజు నీళ్లు మార్చి వెళ్లండి. వారం దాటితే పక్కింటి పిన్నిగారికి చెప్పొచ్చు, కానీ మేత డబ్బా చేతికివ్వొద్దు. "పాపం, ఆకలితో చూస్తున్నాయి" అని ఆవిడ గుప్పెడు పోస్తారు. ఒక్కో పూటకి ఒక్కో చిటికెడు కాగితంలో పొట్లం కట్టి, మీద తేదీ రాసి ఇచ్చి, డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకెళ్లండి.